అక్షరం వెనకాల మబ్బు

1980లో న్యూయార్క్ భూగర్భ రైలు పెట్టె ఒకటి ఈ చివర నుంచి ఆ చివర దాకా, కింది నుంచి పై దాకా రంగు పూసుకుని పట్టాల మీదికొచ్చింది. అంతవరకూ అయితే వింతేమీ లేదు. అప్పటికి పదేళ్లుగా ఆ ఊళ్లో రైళ్లు కుర్రాళ్ల రాతలతోనే తిరుగుతున్నాయి. ఈ పెట్టె మీద మాత్రం చదవడానికి దాదాపు ఏమీ లేదు. ఎరుపు, నారింజ ఛాయల్లో ఒక పొగమంచు, అందులో తేలుతున్న వృత్తాలు, కోణాలు, 'బ్రేక్' అనే ఒక్క మాట. అంతే. ప్లాట్‌ఫారం మీద నిలబడినవాడికి ఇది ఎవరి పనో తెలియదు. ఆ విద్యలో చెయ్యి తిరిగినవాళ్లకు మాత్రం చూడగానే తెలిసిపోయింది, ఫ్యూచురా 2000దని.

అసలు పేరు లెనార్డ్ హిల్టన్ మెక్‌గర్. 1955లో న్యూయార్క్‌లోనే పుట్టాడు. 'బ్రేక్' గీసేనాటికి ఇరవై నాలుగేళ్లు. గోడ రాతల నుంచి నైరూప్య చిత్రకళకు జరిగిన ప్రయాణం గురించి మాట్లాడాలంటే ఆ పెట్టె దగ్గరే మొదలుపెట్టాలి. ఆయన తరవాత ఆ దారిన వచ్చినవాళ్లు చాలామంది ముందు స్టూడియోకి చేరారు, కేన్వాసు పెట్టుకున్నారు, ఆ పైన అక్షరాన్ని వదిలారు. ఈయన రైలు మీదే వదిలాడు. గ్యాలరీ వాళ్లు అడగలేదు, కొనేవాడు లేడు, పట్టుబడితే జైలు. అయినా చేశాడు. అందుకే ఈ పని మీద నాకు అంత గౌరవం.

ఏం తెగింపు చేశాడో అర్థం కావాలంటే అప్పటి న్యాయం తెలియాలి. ఆ లోకంలో పేరే సర్వస్వం. 1971 జూలైలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక టాకీ 183 అనే కుర్రాడి మీద ఒక వార్త వేసింది. వీధి వీధికీ ఉత్తరాలు, పొట్లాలు మోసే ఉద్యోగం వాడిది. వెళ్లిన చోటల్లా తన ముద్దుపేరు, తన వీధి నంబరు రాసి వచ్చేవాడు. ఆ వార్త పడ్డాక వందల మంది మొదలుపెట్టారు. మొదట్లో మార్కరుతో సంతకం, తరవాత స్ప్రే డబ్బాతో పెద్ద అక్షరాలు, ఆ తరవాత బూరెల్లా ఉబ్బిన అక్షరాలు, అవి ఒకదాంట్లో ఒకటి మెలేసుకుని చదవడానికే వీల్లేని అల్లికలు. ఎంత వంకరలు పోయినా ఆధారం మాత్రం అక్షరమే. వాళ్లను వాళ్లు చిత్రకారులమని చెప్పుకోలేదు, రాసేవాళ్లమన్నారు.

పేరు రాయించుకోవాలన్న కోరిక మావైపు నేలకూ కొత్త కాదు. కడప జిల్లాలోని మా కొండాపురానికి ఆట్టే దూరం లేని కలమళ్ల గుడిలో ఉన్న రాతి శాసనం సుమారు 575 నాటిది. తెలుగులో దొరికిన తొట్టతొలి శాసనంగా దాన్ని చెబుతారు. రేనాటి చోళుల ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి పేరు అందులో ఉంది. పద్నాలుగు వందల యేళ్ల తరవాత గండికోట చూడ్డానికి వచ్చే కుర్రాళ్లు కూడా గోడ మీద పేరు గీకే పోతారు. ఇక ముద్దనూరు దగ్గరి చింతకుంట గుహల్లో ఇంతకన్నా ఎంతో పాతవి, ఎర్రటి బొమ్మలూ తెల్లటి బొమ్మలూ ఉన్నాయి. వేసినవాడి పేరు ఎక్కడా లేదు. పేరు తరవాత వచ్చింది, రంగు ముందొచ్చింది. ఫ్యూచురా పనిని ఈ నేల మీద నిలబడి చూసేవాడికి ఇది గుర్తురాక మానదు.

సరే, పెట్టె దగ్గరికి వద్దాం. గోడ రాతల్లో పెద్ద పేరు రాసేటప్పుడు దాని వెనకాల లేత రంగుతో ఒక మబ్బు వేయడం మామూలు. దానికి రెండు పనులు. కింద ఉన్న పాత రాతల్ని కప్పుతుంది, ముందున్న అక్షరాన్ని ఎత్తి చూపిస్తుంది. అది కూలి పని లాంటిది. దాన్ని చూసి ఎవరూ మెచ్చుకోరు, దాని కోసం ఎవరూ రైలు యార్డుకు పోరు. 'బ్రేక్'లో ఫ్యూచురా చేసింది ఇదీ: ముందున్న పేరును తీసేశాడు, వెనకున్న మబ్బును మిగిల్చాడు. ఆ మబ్బుకే పెట్టె మొత్తం రాసిచ్చాడు. 'బ్రేక్' అన్న మాట కూడా ఆ మంచులో ఒక వస్తువుగా ఉంటుందే గానీ దానికి యజమానిగా ఉండదు. నైరూప్యం బయటినుంచి, పుస్తకాల్లోంచి వచ్చి అతికినది కాదన్నమాట. అదే పనిలో, అదే డబ్బాలో, అందరూ రోజూ వేస్తూ పట్టించుకోని భాగంలో ఉంది. దాన్ని చూడ్డానికి పనివాడి కన్ను కావాలి.

ఆ రోజుల్లోనే అదే పట్టాల మీద ఇంకా గొప్ప పెట్టెలు తిరిగాయి. డొండి వైట్ 'చిల్డ్రన్ ఆఫ్ ది గ్రేవ్' పేరుతో మూడు పెట్టెలు చేశాడు. అక్షరానికి అంతకన్నా నిండుతనం ఇచ్చినవాడు ఇంకొకడు లేడంటే నేను ఒప్పుకుంటాను. ఫ్యాబ్ ఫైవ్ ఫ్రెడ్డీ ఆండీ వార్హోల్‌ను తలుచుకుంటూ సూపు డబ్బాల వరస గీశాడు. అక్షరం ఒకరిది, బొమ్మ ఒకరిది. రెండూ కాని మూడో దారి ఫ్యూచురాది.

ఇప్పుడు చేతి పని చూడాలి. స్ప్రే డబ్బాను 1949లో అమెరికాలో ఎడ్వర్డ్ సీమోర్ అనే పెయింట్ల వ్యాపారి తయారు చేశాడు. ఆలోచన ఆయన భార్యదంటారు. రేడియేటర్లకు వేసే అల్యూమినియం రంగు అమ్ముకోవడానికి చేసిన ఏర్పాటు అది, కళ కోసం కాదు. లోపల రంగు, దాన్ని తోసే వాయువు, కలపడానికి ఒక చిన్న గోలీ. ఊపితే టకటకమనేది ఆ గోలీయే. కుంచెకూ దీనికీ అసలు తేడా ఏమిటంటే, కుంచె గోడను తాకుతుంది, డబ్బా తాకదు. గోడ గరుకో నునుపో చేతికి చెప్పేది ఏదీ ఉండదు. దూరమే కుంచె మందం, వేగమే రంగు చిక్కదనం. రెండు మూడు అంగుళాల దూరం నుంచి కొడితే గట్టి అంచు ఉన్న గీత పడుతుంది. అడుగు దూరం నుంచి కొడితే అంచు లేని మబ్బు పడుతుంది. చెయ్యి ఒక్క క్షణం ఆగిందా, రంగు కన్నీళ్లలా కారుతుంది. ప్రొద్దుటూరులో బైకు ట్యాంకులకు రంగు కొట్టే షాపు కుర్రాణ్ణి అడగండి, చెబుతాడు: చెయ్యి కదలడం ముందు, మీట నొక్కడం తరవాత. మీట వదలడం ముందు, చెయ్యి ఆగడం తరవాత. లేకపోతే రెండు చివర్లా గడ్డ కడుతుంది.

ట్యాంకు మూడు జానల వస్తువు. రైలు పెట్టె యాభై అడుగుల పైమాట. పైగా యార్డులో రెండు రైళ్లు పక్కపక్కనే నిలిపి ఉంటాయి, మధ్య సందు మనిషి దూరేంత. వెనక్కి జరిగి మొత్తం చూసుకునే వీలే లేదు. పైకి అందకపోతే ఒక కాలు ఈ రైలు మీద, ఒక కాలు ఆ రైలు మీద వేసి ఎక్కాలి. చీకటి. ఎరుపుకూ నారింజకూ తేడా తెలియడానికి డబ్బా మూత చూసుకోవాలి. ఈ స్థితిలో పేరు రాసేవాడికి ఒక ఆసరా ఉంది. నోటుపుస్తకంలో ముందే గీసుకున్న నమూనా ఉంటుంది, ఏ అక్షరం తరవాత ఏ అక్షరమో తెలుసు, ఏ కిటికీ దగ్గర ఏ అక్షరం ముగియాలో తెలుసు. అక్షరమే కొలబద్ద. అక్షరం లేకపోతే? చిత్రం ఎక్కడ బరువెక్కాలి, ఎక్కడ ఖాళీగా వదలాలి, పక్క తలుపు దాకా వచ్చిన ఎరుపును అవతల ఏం చెయ్యాలి? ఇవన్నీ కళ్లతో కాదు, ఒంటి జ్ఞాపకంతో తేల్చుకోవాలి. తెల్లారి రైలు కదిలి ఎండలోకి వచ్చేదాకా తానేం చేశాడో తనకే పూర్తిగా కనబడదు. 'బ్రేక్' పొందిక చూస్తే ఈ సంగతి నమ్మబుద్ధి కాదు. రంగు ఒక చోట చిక్కబడి, పొడవునా పలచబడుతూ పోతుంది. కిటికీలను, తలుపులను లెక్కచెయ్యనట్టే ఉంటూ వాటి లయను వాడుకుంటుంది.

ఇంకో విశేషం ఆయన సన్నగీత. డబ్బాతో మబ్బు ఎవరైనా తెప్పించవచ్చు. పెన్నుతో గీసినంత సన్నటి గీత తెప్పించడం కష్టం. ఫ్యూచురా చిత్రాల్లో మంచు మీద సన్నటి నిటారు గీతలు, యాంటెనాల లాంటి కట్టడాలు, అణువు గుర్తులు, పరిపూర్ణమైన చిన్న వృత్తాలు కనిపిస్తాయి. చూసినవాళ్లు ఎయిర్‌బ్రష్ అనుకునేవారు. కాదు, డబ్బాయే. ఇతర సామాన్ల డబ్బాల నుంచి మూతి ఊడదీసి రంగు డబ్బాకు తగిలించి చూడటం ఆ కాలపు కుర్రాళ్లంతా చేసిన ప్రయోగమే. లావు గీతకు ఒక మూతి, సన్న గీతకు ఒక మూతి. డబ్బాను తలకిందులు చేస్తే లోపలి గొట్టం రంగులో నుంచి పైకి తేలి వాయువును ఎక్కువగా, రంగును తక్కువగా వదులుతుంది, గీత పలచబడుతుంది. ఇవన్నీ సాంకేతిక కిటుకులే. కిటుకు తెలిసినవాళ్లు వందమంది ఉన్నారు. ఆ గీతను ఎక్కడ ఆపాలో తెలిసినవాళ్లు తక్కువ. ఫ్యూచురా గీత మబ్బు అంచు దాకా వచ్చి లోపలికి దూరకుండా ఆగుతుంది. ఒక మెత్తనిదీ ఒక కరుకైనదీ పక్కపక్కన, ఒకదాన్నొకటి పాడు చేసుకోకుండా ఉంటాయి. నన్నడిగితే ఆయన పనితనమంతా ఆ దూరంలోనే ఉంది.

ఈ చేతికి ఆ నిదానం ఊరికే రాలేదు. 1973లో సొరంగంలో రంగు వేస్తుండగా మంటలు లేచాయి. డబ్బాలోంచి వచ్చేది మండే వాయువు, మూసుకున్న చోటు. వెంట ఉన్న స్నేహితుడు మార్క్ ఎడ్మండ్స్ తీవ్రంగా కాలాడు. ఆ తరవాత ఫ్యూచురా ఊరు విడిచి అమెరికా నౌకాదళంలో చేరి నాలుగేళ్లు సముద్రం మీద గడిపాడు. దశాబ్దం చివరికి తిరిగొచ్చి ఎడ్మండ్స్ నడిపే బృందంతోనే మళ్లీ కలిశాడు. పాత పోటీలో, ఎవరి పేరు ఎన్ని రైళ్ల మీద ఉందన్న లెక్కలో, ఆయన వెనకబడిపోయాడు. ఆ పోటీని వదిలేయడానికి అది కూడా ఒక కారణమై ఉంటుందని నా అనుమానం. లెక్కలో గెలవలేనివాడు ఆటను మార్చాడు.

పేరు గురించి రెండు మాటలు. ఫ్యూచురా అనేది 1927లో జర్మనీలో పాల్ రెనర్ రూపొందించిన అచ్చు అక్షరాల పేరు. వృత్తం, త్రిభుజం, చదరం ఆధారంగా గీసిన అక్షరాలు. అచ్చు అక్షరం పేరు పెట్టుకున్నవాడే అక్షరాన్ని వదిలిపెట్టడం ఒక తమాషా. వదిలినా వృత్తాలూ కోణాలూ ఎటూ పోలేదు.

విమర్శకులు ఆయన్ను కాండిన్స్కీతో పోల్చారు. న్యూయార్క్ గుగెన్‌హైమ్ మ్యూజియంలో కాండిన్స్కీ 1926లో వేసిన 'అనేక వృత్తాలు' ఉంది. నల్లటి నేపథ్యంలో తేలే రంగు వృత్తాలు. పోలిక పైకి సరిగ్గానే కుదురుతుంది. కానీ నాకు అది ఇవతలివాడిని అవతలివాడి నీడలో నిలబెట్టే మర్యాద లాగా తోస్తుంది. కాండిన్స్కీ వృత్తానికి అంచు ఉంది, తూకం ఉంది, కూర్చుని ఆలోచించిన తీరిక ఉంది. ఫ్యూచురా వృత్తం చుట్టూ రంగు తుంపర ఉంటుంది, గాలి ఎటు వీచిందో తెలుస్తుంది. ఒకటి ఆలోచన, ఒకటి ఊపిరి. రెండింటినీ ఒకే తరాజులో వేయనక్కర్లేదు.

1981లో న్యూయార్క్ పీఎస్1 కళాకేంద్రంలో డియేగో కోర్టెజ్ ఏర్పాటు చేసిన 'న్యూయార్క్/న్యూవేవ్' ప్రదర్శనలో ఆయన పని కనిపించింది. అదే ఏడు బ్రిటిష్ రాక్ బృందం 'ది క్లాష్' టైమ్స్ స్క్వేర్ దగ్గర వరసగా కచేరీలు చేసింది, వాళ్లకు పెద్ద గుడ్డ మీద తెర గీసిచ్చాడు. తరవాత వాళ్లతో యూరప్ వెళ్లి, వాళ్లు వాయిస్తుంటే వెనక నిలబడి వేల మంది ముందు గుడ్డ మీద రంగు వేశాడు. యార్డులో చీకటి, దొంగతనం. ఇక్కడ దీపాలు, హోరు. రెండు చోట్లా ఒకటే షరతు: పాట ముగిసేలోగా, కాపలావాడు వచ్చేలోగా, అయిపోవాలి. దిద్దుకునే సమయం లేదు. వాళ్ల 'కాంబాట్ రాక్' రికార్డు మీది పాటల కాగితం రాత కూడా ఈయన చేతిదే. అక్షరాన్ని వదిలినవాడు అక్షరం మరిచినవాడు కాదని ఆ కాగితం చూస్తే తెలుస్తుంది.

కేన్వాసు మీదికి వచ్చాక మాత్రం చిక్కులొచ్చాయి. ఈస్ట్ విలేజ్‌లో ప్యాటీ ఆస్టర్ నడిపిన ఫన్ గ్యాలరీ, తరవాత టోనీ షఫ్రాజీ గ్యాలరీ ఆయన చిత్రాలను పెట్టాయి. చట్రం ఉంది, వెలుతురు ఉంది, వెనక్కి జరిగి చూసుకోవడానికి గది ఉంది. మెచ్చుకుంటూనే ఒక మాట అనాలి: ఆ కాలపు కేన్వాసులన్నీ ఒక్క ఎత్తు కాదు. కొన్నిట్లో చదరం మొత్తాన్ని నింపాలన్న ఆరాటం కనిపిస్తుంది. మబ్బు, దాని మీద అణువు, దాని మీద గీతలు, మళ్లీ చిలకరింపు. అందంగానే ఉంటాయి, గది గోడకు బాగుంటాయి. వాటి ముందు 'బ్రేక్' ఫోటో పెడితే తేలిపోతాయి. మంచి కేన్వాసుల్లో సగం పైన ఖాళీ ఉంటుంది. ఒక మూల రంగు విరిగిపడి, మిగతాదంతా పలచటి తుంపరగా, ఒకే ఒక్క సన్నగీత దాన్ని అడ్డంగా దాటుతూ ఉంటుంది. వాటి ముందు ఎంతసేపైనా నిలబడవచ్చు. వదిలేయడం నేర్చినవాడు మళ్లీ మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చిందన్నమాట.

1980ల నడుమ గోడ రాతల మీద గ్యాలరీల మోజు తీరిపోయింది. కొనేవాళ్లు పోయారు. ఫ్యూచురా సైకిల్ మీద పొట్లాలు మోసే కొరియర్ పనిలోకి దిగాడు. 1971లో ఈ వెర్రికి మొదటి వార్తయిన టాకీ 183 పనీ దాదాపు అదే. ఆ దశాబ్దం చివర ఫ్రెంచి దుస్తుల రూపకర్త ఆన్యెస్ బీ ఆయన చిత్రాలు కొని నిలబెట్టింది. 1990లలో లండన్‌లో జేమ్స్ లావెల్ నడిపిన మో వాక్స్ రికార్డులకు, అంకుల్ అనే బృందానికి బొమ్మలు వేశాడు. 2000 రాగానే పేరులోంచి ఆ అంకె తీసేశాడు, తరవాత మళ్లీ తగిలించుకున్నాడు. ఆ మధ్య బూట్లు, సీసాలు, 2020లో బీఎండబ్ల్యూ కారు. వాటి గురించి నేను ఎక్కువ మాట్లాడను. బతుకుదెరువు ఎవరికైనా కావాలి. కారు మీది రంగులో ఆయన చెయ్యి తెలుస్తుంది, తెగింపు తెలియదు. 2024లో బ్రాంక్స్ మ్యూజియం ఆయన యాభై యేళ్ల పనిని ఒకచోట పెట్టి చూపించింది. రాతలు మోసిన రైళ్లు తిరిగిన పేటలోనే అది జరగడం సబబుగా ఉంది.

రైలు మీద రంగు వేయడం నేరం కాదని నేను అనడం లేదు. కిటికీ మొత్తం కప్పేస్తే లోపల కూర్చున్న కూలివాడికి తన స్టేషన్ ఏదో కనబడదు. న్యూయార్క్ నగరం కోట్ల డాలర్లు పెట్టి కడిగింది, 1989 మేలో చివరి రాతల పెట్టెను కూడా పట్టాల మీంచి తప్పించింది. చెన్నై-ముంబై లైనులో మా కొండాపురం స్టేషన్ మీదుగా పోయే గూడ్సు డబ్బాల మీద నంబర్లు, బరువులు, రిపేరు తారీకులు తప్ప ఏమీ ఉండవు, ఉండాలని కోరుకోవడం లేదు కూడా. చెబుతున్నది పని గురించి. నేరం కూడా అయిన ఒక పనిలో ఇంత నిగ్రహం ఉండటం గురించి.

ఇంతకీ 'బ్రేక్'ను మనం ఎలా చూస్తున్నాం? ఆ రంగు ఎన్నడో పోయింది. మార్తా కూపర్ అనే పత్రికా ఫోటోగ్రాఫర్ ఉంది గనక చూస్తున్నాం. బ్రాంక్స్‌లో రైలు నేల మీదికొచ్చే చోట్ల, ఎండ ఎదురుగా పడే వేళ చూసుకుని గంటల తరబడి నిలబడి పెట్టెల్ని ఫోటోలు తీసేది. హెన్రీ చాల్ఫాంట్‌తో కలిసి 1984లో 'సబ్‌వే ఆర్ట్' పుస్తకం తెచ్చింది. అమెరికాలో ఎవరూ వేయకపోతే లండన్‌లో వేయించుకున్నారు. యూరప్‌లో ఒక తరం కుర్రాళ్లు ఆ పుస్తకం చూసే డబ్బా పట్టారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో డెల్టా అనే చిత్రకారుడు, అమెరికాలోనే హోసే పర్లా అక్షరాన్ని విప్పి గీతగా, కట్టడంగా మార్చిన చిత్రాలు ఈ కొమ్మకు పూసినవే.

మన దగ్గర అలాంటి పుస్తకం లేదు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల బోర్డులు, ఎన్నికల గోడ రాతలు, కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం, ఎరువుల కంపెనీ ప్రకటనలు, వీటిని సుద్దదారం లాగి, ఎనామిల్ కలిపి రాసిన పెయింటర్లు ప్రతి ఊళ్లో ఉండేవాళ్లు. ఫ్లెక్సీలు వచ్చాక పని పోయింది. తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్ల గోడలు 2020లో గండికోట జలాశయం నీళ్ల కిందికి పోయాయి. మిగిలిన వాటికి మళ్లీ సున్నం కొట్టే రోజు దగ్గర్లోనే ఉంది. ఫోను అందరి చేతుల్లోనూ ఉంది. జమ్మలమడుగులోనో పులివెందులలోనో చెయ్యితో రాసిన గోడ కనిపిస్తే ఎదురుగా నిలబడి, మంచి ఎండ ఉన్నప్పుడు, అంచులు తెగకుండా ఒక ఫోటో తీయండి. ఎవరు రాశారో, ఏ సంవత్సరమో కనుక్కుని పక్కన రాసిపెట్టండి. ఆ పెయింటర్లలో చాలామంది ఇంకా ఆ వీధుల్లోనే ఉన్నారు, అడిగితే చెబుతారు.